బీఎడ్ ఇంటర్న్‌షిప్‌లో వినపడని పిల్లలుంటే సైగల భాష ఎక్కడ నేర్చుకోవాలి?

మీరు విశాఖలో బీఎడ్ చేస్తున్నారు. ఇంటర్న్‌షిప్‌కి వేసిన హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో వినపడని పిల్లలు ఇద్దరున్నారు, మీకు సైగల భాష రాదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను వన్‌టౌన్ వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఏటా మీలాంటి ట్రైనీలు నా క్లాసుకి వస్తారు కాబట్టి చూసింది చూసినట్టు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మూడేళ్ళ కిందట శ్రీకాకుళం నుంచి ఒక ట్రైనీ వచ్చింది, చాలా శ్రద్ధ ఉన్న పిల్ల. పాఠం ఘర్షణ. రాత్రి కూర్చుని ఆ మాటని ఫోన్లో ఇంగ్లీషులోకి మారిస్తే 'కాన్‌ఫ్లిక్ట్' అని వచ్చిందట, దానికి దొరికిన సైగ నేర్చుకుని పొద్దున్నే వచ్చేసింది. బోర్డు మీద ఘర్షణ అని రాసి, రెండు పిడికిళ్ళు ఎదురెదురుగా ఢీకొట్టి చూపించింది. ముందు బెంచీలో ఉన్న వినపడని అమ్మాయి కనుబొమలు ముడిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సైగతో అడిగింది: కొట్లాట, ఎవరెవరికి?

ట్రైనీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను డస్టర్ తీసుకుని బల్ల మీద తోశాను, అది కొంచెం దూరం పోయి ఆగింది. ఎందుకు ఆగింది అని ఆ అమ్మాయిని అడిగాను. ఒక్క క్షణం చూసి ఎడమ అరచెయ్యి చాపింది, అది ఇసక. కుడి చెయ్యి పడవలా వంచి దాని మీద పెట్టి లాగింది. కదల్లేదు. భుజాలు ముందుకి వంగాయి, బుగ్గలు ఉబ్బాయి, చెయ్యి అంగుళం అంగుళం జరిగింది. తర్వాత కింద వేళ్ళు దొర్లించి, దుంగలు వేసినట్టు చూపించి మళ్ళీ లాగితే చెయ్యి సర్రున జారిపోయింది. వాళ్ళ నాన్న వేటకి వెళ్తాడు, తెప్పని ఒడ్డుకి లాగడం పుట్టినప్పటినుంచీ చూస్తున్న పిల్ల. జారుడు ఘర్షణ, దొర్లుడు ఘర్షణ రెండూ అర నిమిషంలో చెప్పేసింది. వినపడే పిల్లలు కూడా ఆ ఏడాది పరీక్షలో తెప్ప బొమ్మ వేసి జవాబు రాశారు.

ఆ పిల్ల అమ్మని అడిగి, ఆ సైగలు మళ్ళీ చేయించి ట్రైనీ ఫోన్లో వీడియో తీశాం. ఇంటర్న్‌షిప్ అయిపోయింది, ట్రైనీ వెళ్ళిపోయింది, ఫోన్ మార్చింది, వీడియో పోయింది. మరుసటి ఏడు ఇంకో ట్రైనీ, అదే పాఠం, మళ్ళీ మొదటినుంచి. నాకు అన్నిటికంటే బాధ అక్కడే. మన దగ్గర లేనిది సైగల భాష కాదు, ఒకరు సంపాదించింది ఇంకొకరికి అందే ఏర్పాటు లేదు. రంగు స్కెచ్ పెన్నులతో అంచులు గీసి లెసన్ ప్లాన్ రికార్డులు రాయిస్తారు, సంతకాలయ్యాక అవి బీరువాలో మగ్గుతాయి. ఆ కష్టంలో పావు వంతు పెట్టి ఒక్కో ట్రైనీ ఒక్క పాఠం సైగలు దాచిపెడితే ఐదేళ్ళలో సైన్సు పుస్తకం మొత్తం తయారవుతుంది, ఇందులో నాకు అనుమానం లేదు.

అందుకే ఇప్పుడు మా బడిలో డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టాం. పాఠం పేరు తెలుగులో, కింద చిన్న చిన్న వీడియోలు. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ పిల్ల ముఖమూ అందులో ఉండదు, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే పనే లేదు.

ఇక నేర్చుకోవడం సంగతి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వాళ్ళ డిక్షనరీ 2021 నాటికే 10,000 పదాలకి చేరింది. 2022 సెప్టెంబర్ 23న, అంటే అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినాన, సైన్ లెర్న్ అనే యాప్ కూడా తెచ్చారు. వెతకడం హిందీలో లేదా ఇంగ్లీషులో, కాబట్టి ముందు మీ పాఠంలోని పదాలకి సరైన ఇంగ్లీషు మాట టెక్స్ట్‌బుక్‌లోంచే తీసుకోండి, ఫోన్ అనువాదాన్ని నమ్మొద్దు. 2024 డిసెంబర్‌లో మొదలైన పీఎం ఈ-విద్య 31వ నంబర్ టీవీ ఛానెల్ పూర్తిగా సైగల భాషకే. కానీ యాప్‌లో చూసి నేర్చుకున్నది పిల్లల ముందు చేసి సరిచూసుకోండి, మనవాళ్ళు చేసే సైగ ఒక్కోసారి వేరుగా ఉంటుంది. అన్నిటికన్నా మంచిది వినపడని పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకోవడం. 2016 వికలాంగుల హక్కుల చట్టమే సైగల భాష వచ్చిన టీచర్లని, వికలాంగులైన టీచర్లతో సహా, తయారుచేసి నియమించాలంటోంది.

తెలుగు వాక్యాన్ని మాటకి మాట చేతులతో చెయ్యకండి, సైగల భాష వ్యాకరణం దానిది. ప్రశ్న పదం చివర్న వస్తుంది, కనుబొమలు కూడా మాట్లాడతాయి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం నల్లగా నీడలా కనిపిస్తుంది. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న పిల్లలకి నెత్తిమీద ఫ్యాన్ చప్పుడు కూడా పెద్దదై వినిపిస్తుంది, బెంచీ మార్చండి. మన వైజాగ్ ఉక్కకి, చెమటకి ఆ మెషిన్లు తడిసి ఆగిపోతుంటాయి, రాత్రి సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టమని ఇంట్లో చెప్పండి. ఇవేవీ నాకు బీఎడ్‌లో ఎవరూ చెప్పలేదు.

మీ మెథడ్స్ ఏమిటో రాయలేదు. సైన్సయితే ఘర్షణ, పీడనం, ధ్వని మా దగ్గర ఉన్నాయి. ఘర్షణ కిందటేడు మళ్ళీ తీశాం, అప్పుడు తెప్ప సైగ చేసి, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న ఆ అమ్మాయే వచ్చి చేసింది. లెక్కలైతే భిన్నాల దాకానే ఉన్నాయి, మిగతావి మీరు మొదలుపెట్టి మాకు పంపాలి.