మూత్రంలో రక్తం అని చెప్పిన రోజు చీటీలో ఏం రాశారు?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారికి 67 ఏళ్లు. 2018 నుంచి కొత్తపేటలో ఒక షుగర్ డాక్టరు దగ్గర చూపిస్తున్నాం. ఆయన మూడు మందులు కలిసిన బిళ్ళ రాశారు. అందులో పయోగ్లిటజోన్ 15 మిల్లీగ్రాములు ఉంది. 2023 జూన్‌లో మూత్రం ఎర్రగా వస్తోందని చెబితే, షుగర్ ఉన్నవాళ్లకు ఇన్ఫెక్షన్ మామూలేనని ఐదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు. సెప్టెంబర్‌లో మళ్లీ వచ్చింది. యూరిన్ రిపోర్టు ఫొటో క్లినిక్ నంబరుకి వాట్సాప్‌లో పంపాను. ‘అవే మందులు కంటిన్యూ చేయండి, నీళ్లు బాగా తాగండి’ అని జవాబు వచ్చింది. చివరికి విజయవాడలో యూరాలజిస్టుకు చూపిస్తే మూత్రాశయ క్యాన్సర్ అన్నారు. బయాప్సీ రిపోర్టు తేదీ 2024 మార్చి 11. ఏప్రిల్‌లో మూత్రాశయం తీసేశారు. ఇప్పుడు పొట్టకు సంచీతో బతుకుతున్నారు. పోయిన నెల క్యాన్సర్ డాక్టరు పాత చీటీ చూసి ‘ఈ బిళ్ళ ఎన్నాళ్లు వాడారు?’ అని అడిగేదాకా మాకేమీ తెలియదు. నాన్నగారు చుట్ట కాల్చేవారు, అదేమైనా అడ్డమా? కోపంతో మందులు, పాత చీటీలు చాలావరకు పారేశాం. మందుల షాపాయన పాత తేదీలతో బిల్లులు ఇస్తానంటున్నాడు. కంపెనీ మీద వేయాలా, డాక్టరు మీదా? ఎంత వస్తుంది?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. పొలం అమ్మిన సంగతి, క్లినిక్‌లో మిమ్మల్ని గంటల తరబడి కూర్చోబెట్టిన సంగతి, డాక్టరు గారి మాటతీరు, వీటికే మూడు పేజీలు పోయాయి. అవి పక్కన పెడుతున్నాను. కేసు నిలబడేది 2023 జూన్, సెప్టెంబర్ నెలల గురించి మీరు రాసిన నాలుగు వాక్యాల మీద. మూత్రంలో రక్తం పడుతోందని డాక్టరుకు తెలిసిందా? తెలిశాక కూడా కారణం వెతక్కుండా అదే బిళ్ళ వాడమన్నారా? ఈ రెంటికీ కాగితం ఉంటే మీకు కేసు ఉంది. లేకపోతే మిగతాదంతా ఎంత నిజమైనా గెలవడం కష్టం.

‘మందు వల్లే క్యాన్సర్ వచ్చిందని ఎలా నిరూపించాలి’ అని మీరు పదే పదే అడిగారు. ఆ దారిన వెళ్లకండి. పయోగ్లిటజోన్‌కీ మూత్రాశయ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. ఎక్కువ కాలం వాడినవాళ్లలో ముప్పు కొద్దిగా పెరుగుతుందని కొన్ని చెప్పాయి, లేదని కొన్ని చెప్పాయి. పైగా ఈ క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం పొగాకు. మీ నాన్నగారి చుట్ట సంగతి ఎదుటి లాయరు మొదటి వాయిదాలోనే బయటకు తీస్తారు. ఈ ఒక్క మనిషికి ఈ బిళ్ళ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. అది మీ నెత్తిన వేసుకుంటే మొదటి మెట్టు మీదే ఆగిపోతారు.

మీ బలం 2013లో ఉంది. ఆ ఏడాది జూన్‌లో కేంద్ర ప్రభుత్వం పయోగ్లిటజోన్ తయారీని, అమ్మకాన్ని ఆపేసింది. డాక్టర్ల నుంచి అభ్యంతరాలు వచ్చాక జూలై 31న మళ్లీ అనుమతించింది, కానీ షరతులు పెట్టింది. షుగర్‌కు మొదటి మందుగా దీన్ని రాయకూడదు. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లకు, గతంలో వచ్చినవాళ్లకు, కారణం తేలకుండా మూత్రంలో రక్తం పడుతున్నవాళ్లకు ఇవ్వకూడదు. మొదలుపెట్టే ముందు వయసు, పొగతాగే అలవాటు లాంటివి చూడాలి. మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు నెలల్లో మేలు జరుగుతోందో లేదో చూసి, జరగనివాళ్లకు ఆపాలి. ఈ హెచ్చరికలు మందుతో పాటు వచ్చే కాగితంలో గడి కట్టి అచ్చు వేయాలి.

ఇప్పుడు చుట్ట సంగతి మళ్లీ చూడండి. దాచిపెడితే అది మిమ్మల్ని ముంచుతుంది. వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదులో మీరే ముందు చెబితే, ‘పొగతాగే మనిషని అడిగి తెలుసుకున్నారా, తెలుసుకుంటే ఈ మందే ఎందుకు రాశారు’ అన్న ప్రశ్నకు డాక్టరు గారు జవాబు చెప్పుకోవాలి. కాబట్టి దాచవద్దు.

కంపెనీ మీద వేయాలా అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యతకు వేరే అధ్యాయమే ఉంది. సెక్షన్ 84 ప్రకారం సరైన హెచ్చరిక ఇవ్వని తయారీదారు బాధ్యత వహించాలి. కానీ సెక్షన్ 87 కూడా చదవాలి. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువు అయితే, ఆ నిపుణులకు హెచ్చరిక చేరేలా తయారీదారు తగిన ఏర్పాటు చేసి ఉంటే, హెచ్చరించలేదన్న నింద అతని మీద నిలవదు. మీ బిళ్ళ డాక్టరు చీటీ మీదే అమ్మాల్సింది. హెచ్చరిక కాగితంలో ఉంది. అంటే కంపెనీని ఏ కాగితం బయటపడేస్తుందో, అదే కాగితం డాక్టరును పట్టి ఉంచుతుంది. ‘నాకు తెలియదు’ అనడానికి ఆయనకు దారి లేదు. కంపెనీని కూడా లాగితే వాళ్ల పెద్ద లాయర్లు అధ్యయనాల కట్టలు తెచ్చి, మీరు తప్పించుకోవాల్సిన చర్చలోకే మిమ్మల్ని దింపుతారు. నా మాట వింటే డాక్టరు మీద, ఆ క్లినిక్ మీద మాత్రమే వేయండి.

ఫిర్యాదులో ఆరోపణ ఇలా ఉండాలి: మూత్రంలో రక్తం పడుతోందని రెండుసార్లు చెప్పినా స్కానింగ్ గానీ, యూరాలజిస్టుకు పంపడం గానీ చేయలేదు, ఇవ్వకూడని మందు ఆపలేదు, దానివల్ల జబ్బు బయటపడడం నెలల తరబడి ఆలస్యమైంది. జూన్‌లో ఒకసారి ఇన్ఫెక్షన్ అనుకోవడం పొరపాటు కాదని డాక్టరు గారు వాదిస్తారు, ఆ వాదనలో కొంత పస కూడా ఉంది. సెప్టెంబర్‌లో రెండోసారి వచ్చాక అదే మాట చెల్లదు. మీ కేసు బరువంతా ఆ రెండోసారి మీదే ఉంచండి. జూన్‌కీ సెప్టెంబర్‌కీ మధ్య, ఆ తర్వాత మార్చి దాకా, జబ్బు ఎంత ముదిరి ఉంటుందో ఒక యూరాలజిస్టు దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో వి. కిషన్ రావు కేసులో చెప్పింది. అది మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు. తప్పు చూడగానే తెలిసిపోయే చోట ఆ తీర్పు పనికొస్తుంది. మీది అంత తేలిక వ్యవహారం కాదు, అభిప్రాయం ఉండి తీరాలి.

ఇక తేదీల దగ్గరకు వద్దాం. మీ ఉత్తరంలో నన్ను బాగా భయపెట్టింది ఇదే. ‘పోయిన నెలే తెలిసింది కాబట్టి ఇంకా రెండేళ్లు టైముంది కదా’ అని ఎంతో తేలిగ్గా రాశారు. లేదు. వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. హాని బయటికి కనిపించకుండా లోపల దాగి ఉంటే అది తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని వి.ఎన్. శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ ఆ కేసులో రోగి ఓడిపోయింది. 1993లో ఆపరేషన్ జరిగింది, కడుపులో గాజుగుడ్డ ఉందని 2002లో తెలిసింది. అన్నేళ్లు నొప్పి పడుతూ కూడా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకు వెళ్లకుండా ఎందుకు ఊరుకున్నారని కోర్టు అడిగింది, కాలపరిమితి దాటిందని కొట్టేసింది. మీ విషయంలో హాని తెలిసిన రోజు బయాప్సీ రిపోర్టు రోజే అంటారు. క్యాన్సర్ డాక్టరు అడిగిన రోజును లెక్కలోకి తీసుకుంటారని ఆశ పెట్టుకోకండి. 2026 మార్చి 10 లోపు ఫిర్యాదు దాఖలై తీరాలి. ఎదుటివాళ్లు ఇంకా వెనక్కి వెళ్లి, సెప్టెంబర్ వాట్సాప్ రోజు నుంచే లెక్క కట్టాలంటారు. అలా చూస్తే గడువు ఇప్పటికే దాటింది. అందుకే ఫిర్యాదుతో పాటే ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీ, దానికి అఫిడవిట్ పెట్టండి. ఆపరేషన్, కీమో, ఇంటి పరిస్థితి తేదీలతో సహా అందులో రాయాలి. ఆ మూడు పేజీల కష్టం పనికొచ్చేది ఇక్కడే. ముందు లీగల్ నోటీసు ఇచ్చి జవాబు కోసం చూద్దాం అని ఎవరన్నా వినకండి. ఈ చట్టం కింద నోటీసు తప్పనిసరి కాదు.

చీటీలు పారేశామని రాశారు. కోపం వచ్చినప్పుడు కాగితాలు పారేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కడ చూసినా ఉంది, దాన్ని నేను క్షమించలేను. చదువుకున్న కొడుకు మీరు. నాన్నగారి ఐదేళ్ల వైద్యం ఒక ఫైలులో పెట్టడానికి పది రూపాయల ప్లాస్టిక్ కవరు చాలు. ఒక్క పాత స్ట్రిప్పు, ఒక్క ఓపీ చీటీ మిగిలినా అదిప్పుడు మీ ఆస్తి. ఇల్లంతా మళ్లీ వెతకండి. బీరువా అడుగు పేపర్ల కింద, స్కానింగ్ కవర్లలో, దేవుడి గూట్లో చూడండి. బిళ్ళలు దొరికితే స్ట్రిప్పు కోయకండి, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి అలాగే ఉంచండి.

మందుల షాపాయన సాయం మాత్రం వద్దంటే వద్దు. 2019 తేదీ వేసిన బిల్లు మీద ఉండే బ్యాచ్ నంబరు ఆ తర్వాత తయారైన సరుకుదైతే ఎదుటి లాయరు ఐదు నిమిషాల్లో పట్టుకుంటారు. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే. అందులో దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. అది అలా ఉంచినా, ఒక్క దొంగ బిల్లు పట్టుబడితే మీ దగ్గరున్న నిజమైన వాట్సాప్ మెసేజీని కూడా ఎవరూ నమ్మరు. ఆ షాపాయన చేయగల నిజమైన సాయం వేరే ఉంది. చాలా షాపుల్లో ఫోన్ నంబరు మీద కొనుగోళ్లు కంప్యూటర్‌లో ఉంటాయి. మీ నంబరు మీద ఉన్నది ఉన్నట్టు ప్రింట్ తీసి, షాపు ముద్ర వేసి ఇమ్మనండి. దానికి తోడు బ్యాంకు నుంచి మీ ఫోన్‌పే చెల్లింపుల స్టేట్‌మెంట్ తీసుకోండి.

అన్నిటికంటే విలువైన కాగితం మీరు చూడనేలేదు. విజయవాడలో ఆపరేషన్‌కు చేర్చుకున్న రోజు, రాత్రి డ్యూటీ డాక్టరు మంచం పక్కన నిలబడి మీ నాన్నగారిని ఎన్నాళ్లుగా రక్తం పడుతోంది, ఏ మందులు వాడుతున్నారు అని అడిగి కేసు షీటులో రాసుకుని ఉంటారు. కేసు అనే ఆలోచనే ఎవరికీ లేని రోజున, మీతో ఏ చుట్టరికం లేని డాక్టరు రాసిన మాట అది. అందులో ‘పది నెలలుగా’ అని, కింద పయోగ్లిటజోన్ అని ఉంటే కమిషన్ దానికి ఇచ్చే విలువ మీ అఫిడవిట్‌కు ఇవ్వదు. చేరిన రోగుల రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. రేపే వెళ్లి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. డిశ్చార్జి సమ్మరీ చాలదు, మొత్తం కేసు షీటు కావాలని రాయండి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగినా ఫరవాలేదు. మన ఫిర్యాదు ఫీజు తీసుకుని చూసిన షుగర్ డాక్టరు మీద కదా.

వాట్సాప్ ఉన్న ఫోన్ మార్చకండి, రిపేరుకు ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ మాత్రమే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. మీ లాయరు రాసిస్తారు.

ఫిర్యాదుదారు మీ నాన్నగారే కావాలి. డాక్టరుతో మాట్లాడిన మనిషి ఆయన. ఆయన మాటల్లోనే అఫిడవిట్ ఈ వారంలోనే చేయించండి. ఎందుకు తొందరపెడుతున్నానో మీకు తెలుసు. మీరు నివాసం ఉంటున్న చోటే వేయవచ్చు కాబట్టి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది, విజయవాడ తిరగనక్కరలేదు. ఏ కమిషన్ అన్నది మీరు చెల్లించిన సొమ్మును బట్టి తేలుతుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే, 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే వినియోగదారుల కమిషన్ల పోర్టల్‌లో కూడా దాఖలు చేయవచ్చు. లాయరు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, ఉచిత లాయరుకు మీ ఆదాయం అర్హమవుతుందేమో అడగండి.

మీ బావమరిది చెప్పారంటూ మీరు రాసిన రెండు సలహాలకు కూడా జవాబు చెబుతాను. అమెరికా రాజీ సొమ్ములో వాటా అడగాలన్నది మొదటిది. అమెరికాలో ఈ మందు కంపెనీ 2015లో సుమారు 240 కోట్ల డాలర్లకు రాజీ పడిన మాట నిజం. అది అక్కడి రోగులు అక్కడి కోర్టుల్లో వేసిన కేసులకు. అందులో వాటా ఇప్పిస్తానని ఇక్కడ డబ్బు అడిగేవాడిని గుమ్మం ఎక్కనివ్వకండి. పోలీసు కేసు పెడితే డాక్టరు దిగివస్తాడన్నది రెండోది. 2005లో సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ తీర్పు తర్వాత, వేరే డాక్టరు నిష్పక్షపాత అభిప్రాయం లేకుండా పోలీసులు ముందుకు వెళ్లకూడదు, నిర్లక్ష్యం కూడా చాలా తీవ్రమైనదై ఉండాలి. అక్కడ ఓడిపోతే ఆ కాగితం తెచ్చి కమిషన్‌లో మీ ముందే పెడతారు.

ఇది చదివి ఇదే బిళ్ళ వాడుతున్న మిగతావాళ్లు మందు మానేయకండి. షుగర్ మందు చటుక్కున ఆపడం ఇంకా ప్రమాదం. వెళ్లి డాక్టరును అడగండి. మూత్రంలో ఎరుపు కనిపిస్తే మాత్రం అదే రోజు చెప్పండి, చెప్పిన మాట చీటీలో రాయించుకోండి. దుష్ప్రభావాన్ని రోగులే నేరుగా నమోదు చేయడానికి 1800-180-3024 ఉంది. డబ్బు రాదు గానీ లెక్కలోకి ఎక్కుతుంది.

ఎంత వస్తుందన్నదానికి అంకె చెప్పను. ఆపరేషన్, కీమో బిల్లులు, నెలనెలా కొనే సంచీల రసీదులు, తోడు ఉన్నవాళ్లకు పోయిన జీతం, ఇవన్నీ కలిపి ఒక మొత్తం. బాధకు, ఆలస్యానికి వేరే మొత్తం. సంచీల రసీదులు ఇప్పటిదాకా ఉంచుకోలేదంటే, ఈరోజు కొన్న సంచీ నుంచి మొదలుపెట్టండి.