తమ్ముడి చెవి యంత్రాన్ని బాగుచేస్తానంటున్న అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. కొబ్బరి తోట, కొంచెం వరి చేను ఉన్నాయి. మా అబ్బాయికి పుట్టుకతో వినపడదు. రెండో ఏట ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించాం. ఇప్పుడు ఏడేళ్లు, మామూలు బడికే వెళ్తున్నాడు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. అలాంటి యంత్రాన్ని ఇంకా బాగా తయారుచేసే చదువే చదువుతానని పట్టుబట్టింది. బంధువులు మాత్రం కంప్యూటర్ సైన్సులో చేర్చమంటున్నారు. అసలు అలాంటి కోర్సు ఉందా? చదివితే ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి

జవాబు: అచ్చంగా ఆ యంత్రం పేరుతో బీటెక్ లేదండి. అలాగని అమ్మాయి ఆలోచన తప్పు కాదు. ముందు ఆ యంత్రంలో కష్టం ఎక్కడుందో చెబుతాను, కోర్సు సంగతి దానిలోంచే తేలుతుంది.

లోపలి చెవిలో కాక్లియా అనే గొట్టం నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. అందులో దాదాపు 3,500 రోమకణాలు ధ్వనిని గ్రహించి నాడికి అందిస్తాయి. కీచు శబ్దాల వంతు గుమ్మం దగ్గరి కణాలది, బొంగురు శబ్దాల వంతు శివారు కణాలది. ఇవి పనిచేయనప్పుడు ప్లాటినం ఎలక్ట్రోడ్లు అమర్చిన సన్నని సిలికాన్ తీగను లోపలికి పంపి నాడికి నేరుగా విద్యుత్తు ఇస్తారు. ఇదే కాక్లియర్ ఇంప్లాంట్. తయారీదారును బట్టి ఎలక్ట్రోడ్లు 12 నుంచి 22 దాకా ఉంటాయి. 3,500 మంది చేసే పనికి 22 మంది! మరి వంద పెడితే? పెద్దగా లాభం ఉండదు. కాక్లియాలో ఉన్నది ఉప్పునీటి వంటి ద్రవం. ఒకచోట వదిలిన కరెంటు గట్టు తెగిన బోదెలో నీరులా పక్క చేలోకి పారిపోతుంది. అందుకే ఎలక్ట్రోడ్లు 22 ఉన్నా, మాట పోల్చుకోవడంలో చాలామందికి ఎనిమిదింటి పాటి ప్రయోజనమే దక్కుతోందని పరిశోధనల్లో తేలింది. మీ అబ్బాయి ఎప్పుడైనా ‘పాట’ను ‘పాత’గా వింటుంటే, అది అశ్రద్ధ కాకపోవచ్చు. నాలుక ఎక్కడ తగిలిందో చెప్పే సూక్ష్మమైన తేడాలే ఈ యంత్రానికి అన్నిటికన్నా కష్టం.

ఈ పారుదలను అదుపు చేసేందుకు 1991లో అమెరికా పరిశోధకుడు బ్లేక్ విల్సన్ బృందం ప్రకటించిన పద్ధతిని మీకు నేను వివరించనక్కరలేదు. దాళ్వాకు కాలువల్లో వంతులవారీగా నీరిస్తారు కదా, అచ్చంగా అదే. ఎలక్ట్రోడ్లన్నిటికీ ఒకేసారి కాక ఒకదాని తర్వాత ఒకదానికి కరెంటు ఇస్తారు. కాకపోతే ఇక్కడ ఒక్కో ఎలక్ట్రోడుకు సెకనులోనే వందల వంతులు వస్తాయి. బహుళ ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్లు అప్పటికే ఉన్నా, మాటను స్పష్టంగా అందించడంలో ఇది పెద్ద మలుపు.

ఇప్పుడు అసలు విషయం. ఈ రంగంలో కృషికి 2013లో వైద్య పరిశోధనకిచ్చే పేరున్న లాస్కర్ పురస్కారం ముగ్గురికి ఇచ్చారు. ఆస్ట్రేలియాకు చెందిన గ్రేమ్ క్లార్క్ చెవి శస్త్రవైద్యుడు. మిగిలిన ఇద్దరూ, అంటే బ్లేక్ విల్సన్, ఆస్ట్రియాకు చెందిన ఇంగెబోర్గ్ హాక్‌మైర్, చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. హాక్‌మైర్ వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆ శాఖలో డాక్టరేట్ పొందిన తొలి మహిళ కూడా. ఈ మాట అమ్మాయికి తప్పక చెప్పండి.

కాబట్టి నా సలహా ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్. సిగ్నల్ ప్రాసెసింగ్, అనలాగ్ సర్క్యూట్లు, యాంటెన్నాలు అన్నీ అక్కడే ఉన్నాయి. మీ అబ్బాయి తలలోని భాగానికి బ్యాటరీ లేదు. బయటి కాయిల్ నుంచి చర్మం గుండా రేడియో తరంగాలతోనే దానికి శక్తీ, సమాచారమూ అందుతాయి. కంప్యూటర్ సైన్సు వ్యర్థమనను, గోల మధ్య మాటను వేరుచేసే పనికి అది కావాలి. కానీ ఈ అమ్మాయి మనసు పరికరం మీద ఉంది. బీటెక్‌లోనే ‘బయోమెడికల్’ (వైద్య పరికరాల ఇంజినీరింగ్) అన్న పేరు కోసం ప్రయోగశాలలు సరిగా లేని కళాశాలలో చేరడం కన్నా, కాకినాడ జేఎన్‌టీయూ వంటి చోట ఈసీఈ గట్టిగా చదివి, ఆ తర్వాత ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాసి బయోమెడికల్ వైపు మళ్లడం మేలు. హైదరాబాద్ ఐఐటీలో ఆ విభాగం ఉంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ, మద్రాస్ ఐఐటీ, వెల్లూరు సీఎంసీ కలిసి క్లినికల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ నడుపుతున్నాయి.

ఉద్యోగం మాట దాచను. ప్రపంచం మొత్తానికి ఈ ఇంప్లాంట్లను ప్రధానంగా రూపొందిస్తున్న సంస్థలు మూడే, కేంద్రాలు ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, అమెరికాల్లో. మన దేశంలో నేరుగా ఈ పని దొరికే చోట్లు తక్కువ. అయితే ఇదే విద్య పేస్‌మేకర్లకూ, వినికిడి పరికరాలకూ, చిప్‌లకూ పనికొస్తుంది. మెడ్‌ట్రానిక్ సంస్థకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది, విశాఖలో వైద్య పరికరాల తయారీకే మెడ్‌టెక్ జోన్ ఉంది. ఇంప్లాంట్ కల ఆలస్యమైనా ఇల్లు గడవడానికి ఇబ్బంది రాదు.

ఒకటి మాత్రం మీరే తేల్చుకోవాలి. ఆమెకు ఇష్టమైనది యంత్రమా, తమ్ముడి వంటి పిల్లలా? పిల్లలైతే ఆడియాలజీ (వినికిడి పరీక్షలు, చికిత్స), స్పీచ్ థెరపీ (మాట నేర్పడం) కలిసిన బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీ ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పేరున్న చోటు. పుణ్యానికే కాదు, ఉపాధికీ మంచి దారే.

గ్రేమ్ క్లార్క్ తండ్రికి సరిగా వినపడేది కాదు, పైగా ఆయనది మందుల దుకాణం. ఆ ఇంట్లో పెరిగినవాడే 1977లో సముద్రపు ఒడ్డున గుల్లలోకి గడ్డిపరకను దూర్చి చూశాడు. కొన మెత్తగా, మొదలు బిరుసుగా ఉన్న పరక చుట్లు తిరుగుతూ లోపలికి వెళ్లింది. నత్తగుల్లలాంటి కాక్లియాలోకి ఎలక్ట్రోడ్ల తీగ ఎలా వెళ్లాలో అలా తట్టింది. మరుసటి ఏడాదే తన తొలి రోగికి బహుళ ఎలక్ట్రోడ్ల ఇంప్లాంట్ అమర్చాడు. అంతర్వేది ఒడ్డున గుల్లలకు, మీ చేను గట్టున గరికకు కొదవా? ఓసారి చేసి చూడమనండి. ఖర్చు లేదు.

ఇంకో మాట. మే నెలలో కోనసీమ ఉక్కకు మీ వాడు చెవికి తగిలించుకునే ప్రాసెసర్ ఎన్నిసార్లు తడిసిందో, రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టడం ఎవరు మరిచిపోతారో, కాయిల్ వైరు ఏ వంపు దగ్గర తెగుతుందో ఆమెకు తెలుసు. సిడ్నీలో బల్ల ముందు కూర్చున్న ఇంజినీరుకు ఈ ఉక్క తెలియదు. అవన్నీ తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. ఈసారి మ్యాపింగ్‌కు, అంటే యంత్రంలో కరెంటు మోతాదులు సరిచేయించడానికి వెళ్లినప్పుడు ఆడియాలజిస్టును అడిగి ఆమెనూ లోపల కూర్చోబెట్టండి. ఒక్కో ఎలక్ట్రోడుకు ఎంత కరెంటు చాలు, ఎంత దాటితే పిల్లవాడు ఉలిక్కిపడతాడు అన్నది కంప్యూటర్ తెర మీద చూస్తుంది. కోర్సు ఎంపిక గురించి ఆ సాయంత్రం మళ్లీ అడగండి.