ముందు బ్రేకు, తర్వాతే క్లచ్

ప్రశ్న: మాది తణుకు. 2008 వ్యాగన్ ఆర్, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. క్లచ్ జారుతోంది, బ్రేక్ పెడల్ తొక్కితే మెల్లగా లోపలికి దిగిపోతోంది, గుంటల్లో ముందు వైపు నుంచి టకటకమని చప్పుడు, ఇంజన్ పైమూత, అదే ట్యాపెట్ కవర్ దగ్గర ఆయిల్ లీకు. టైమింగ్ బెల్టయితే ఇంతవరకు మార్చనే లేదు. పానాలు, జాకీ ఉన్నాయి, సాయానికి తమ్ముడున్నాడు, చిన్నచిన్న రిపేర్లు చేసిన అలవాటుంది. ఖాళీ దొరికేది ఆదివారాలే. క్లచ్‌తో మొదలుపెట్టి అన్నీ ఒకేసారి విప్పేద్దామనుకుంటున్నాను. సరేనా?

జవాబు: వద్దండీ. క్లచ్ జారితే బండి లాగదు, అంతే. బ్రేక్ పెడల్ దిగిపోతే బండి ఆగదు. ఈ రోజు నుంచే బండి రోడ్డెక్కించకండి, మొదటి ఆదివారం బ్రేకులకే ఇవ్వండి. వెనక చక్రాలు, డ్రమ్ములు తీసి, బ్రేకు షూలను తోసే వీల్ సిలిండర్ల దగ్గర తడి ఉందేమో చూడండి. ఎక్కడా లీకు లేకుండా, నిలకడగా తొక్కి పట్టుకున్నా పెడల్ దిగుతూనే ఉంటే ఎక్కువగా పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌దే తప్పు. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం బండిలోని దాని ట్యాంకు మూత మీద రాసిన గ్రేడే పోయండి, పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

అన్నీ ఒకేసారి ఎందుకు వద్దంటున్నానంటే, అన్ని పనులూ అయ్యాక బండి తీస్తే కొత్త చప్పుడొకటి వస్తుంది, అది దేనివల్లో పట్టుకోలేక మళ్లీ అన్నీ విప్పాల్సి వస్తుంది. ఒక పని అవగానే ఓ పది కిలోమీటర్లు తిప్పి చూసుకున్నాకే తర్వాతది ముట్టుకోండి. అలాగని పాడైన సామాన్ల పేర్లు రాసుకుని ఒక్కోటీ విడిగా చేయడమూ దండగే. ఒక చోటు విప్పినప్పుడు అక్కడ ఇంకేం చేతికందుతుందో ఆలోచించి పనులు కలుపుకోవాలి.

రెండో ఆదివారం ఇంజన్ ముందు భాగం. ఇక్కడ ముందు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చి లీకు ఆపండి, ఆ తర్వాతే టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్ కింది క్రాంక్ షాఫ్టు నుంచి వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టును తిప్పే బెల్టు. కారిన ఆయిల్ కొత్త బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి పాడైపోతుంది, పెట్టిన డబ్బు నీళ్లపాలే. బెల్టు విప్పినప్పుడే దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు, వాటర్ పంపు కూడా మార్చేయండి, ఒక్క పంపు కోసం ఆరు నెలల తర్వాత మళ్లీ ఇదంతా విప్పడం ఎవరివల్ల అవుతుంది? కూలెంట్ ఇంజన్ బాగా చల్లారాకే దింపండి. పుల్లీల మీది టైమింగ్ మార్కులు కలిపి కొత్త బెల్టు ఎక్కించాక స్టార్టర్ జోలికి వెళ్లకుండా, పానాతో క్రాంక్‌ను చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి మార్కులు మళ్లీ కలవాలి. ఒక్క పన్ను తేడా కనిపించినా బెల్టు తీసి మళ్లీ ఎక్కించండి, పర్లేదులే అనుకోవద్దు.

మూడోది అసలు బరువు పని. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దింపాలి, దానికి గేర్ ఆయిల్ తీయాలి, డ్రైవ్ షాఫ్టులు లాగాలి, చక్రాలను కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు కదపాలి. అంటే మీరు చెప్పిన టకటక చప్పుడు వచ్చే చోటికి ఎలాగూ వెళ్తున్నారు! బాల్ జాయింట్లు, రబ్బరు బుష్‌లు ఊపి చూసి, అరిగిన ఆర్మ్‌లు అప్పుడే మార్చేయండి, చిరిగిన షాఫ్ట్ రబ్బరు బూట్లు, గేర్‌బాక్స్ సీళ్లు కూడా. క్లచ్ ప్లేటొక్కటే కాకుండా ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి సెట్టు కొనండి, అన్నీ ఇంటికి చేరాకే మొదటి బోల్టు విప్పండి. ఫ్లైవీల్ మీద గాట్లుంటే లేత్ షాపుకు పంపాల్సి రావచ్చు, అందుకే దీనికి రెండు రోజుల సెలవు పెట్టుకోండి. ఇంకో మాట, లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా ఫుల్ టైట్ చేయకండి. చక్రాలు నేలకానించి, బరువు పడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.

ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మీరుగానీ, మీ తమ్ముడుగానీ దూరకండి, దయచేసి. గట్టి నేల మీద రెండు స్టాండ్లు పెట్టి, బండిని పక్క నుంచి తోసి కదలడం లేదని చూసుకున్నాకే దూరండి. డబ్బు తక్కువైతే క్లచ్ ఒక నెల వాయిదా వేయండి, స్టాండ్లు మాత్రం ఈ వారమే కొనండి.

షాకబ్జర్లు కూడా పోయుంటే చివర్లో చూసుకోండి, అదీ విప్పడం, బిగించడం వరకే మీరు చేయండి. స్ప్రింగు నొక్కి తీసే పని మెకానిక్‌కే ఇవ్వండి, అది ఎగిరితే ప్రాణాల మీదికొస్తుంది. వీల్ అలైన్‌మెంట్ మధ్యలో చేయిస్తే దండగ, ఇదంతా అయ్యాక ఒక్కసారి చేయిస్తే చాలు. ఆ తర్వాత ఓ వారం పాటు రోజూ పొద్దున్నే బండి కింద పాత అట్టముక్క పరిచి చూస్తూ ఉండండి. చుక్క పడితే అది ఏ రంగులో ఉంది, ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టే లీకు ఎక్కడిదో సగం తెలిసిపోతుంది.