కాగితం ఇచ్చే ముందు నా మాట విను బిడ్డా

బిడ్డా, రాత్రి మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మేనేజర్ అందరి ముందు తిట్టే తిట్లు పడలేక, సోమవారం పొద్దున్నే రాజీనామా అతని మొహాన కొట్టి నల్లగొండ బస్సెక్కుతానన్నావట. ఆ మాటలు పడి ఉండనన్నందుకు నా మనసు నిండింది, నిజంగా. నా భయమంతా ఆ కాగితం గురించే.

అతను కస్టమర్ల ముందు ఫైలు విసిరినా, ఏయ్ అని పిలిచినా తారీఖు, టైము, పక్కన ఎవరున్నారో అదే రోజు రాసిపెట్టుకో. వాట్సాప్‌లో తిట్టినవి డిలీట్ చేయకు. ఇవి నీకు తెలియనివి కావు.

నేను మిర్యాలగూడ రైస్ మిల్లులో చేసినప్పుడు నా పక్క సీట్లో ఒక అక్క ఉండేది, వడ్ల లెక్కలు రాసేది. యాసంగి వడ్లు దిగే రోజులు, గేటు బయట దాకా లారీలు. హమాలీలు, డ్రైవర్లు అందరూ చూస్తుండగా మేనేజర్ ఆమెను నోటికొచ్చినట్టు అన్నాడు. ఆమె తెల్లకాగితం మీద రెండు లైన్లు రాసి, బీరువా తాళాలు బల్ల మీద పడేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. వారం తిరగలేదు, క్యాష్ తక్కువ వచ్చిందని ఆమె మీద పెట్టారు. పుస్తకాలు, తాళాలు ఎవరికి అప్పజెప్పావంటే చూపించడానికి సంతకం ఉన్న చీటీ ఒక్కటీ లేదు. నేను పోయి చెప్పాను, నా ఒక్కదాని మాట నిలవలేదు, మిగతావాళ్లకు అక్కడే బతుకు. రావాల్సిన జీతం ఆపేశారు. ఇంకో మిల్లుకు పోతే ఆమె కంటే ముందు ఆ మాట అక్కడికి చేరింది. నోరు పారేసుకున్నది అతను, దొంగ పేరు ఆమెకు.

అందుకే ముందు ఫిర్యాదు, తర్వాతే రాజీనామా. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టు, లేదా రెండు కాపీలు రాసి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకో. మానేసేదే అయితే నోటీసు ఇచ్చి, అప్పజెప్పిన ప్రతిదానికీ లిస్టు రాసి సంతకం పెట్టించుకో, జీతం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేతికొచ్చాకే బయటికి రా.

ఇంకొకటి, మీ అమ్మకు చెప్పలేనిదైతే నాకు చెప్పు. చెయ్యి వేయడం, పాడు మాటలు, అట్లాంటిది ఏమన్నా జరిగిందా? దానికి 2013లో వచ్చిన చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి, దానికి ఆడమనిషే పెద్దగా ఉండాలి. ఆ కమిటీ లేకపోతే జిల్లా కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ 3 నెలల్లోపు రాసివ్వాలి, రోజులు పోనీయకు తల్లీ.

టిఫిన్ బాక్స్ తెరవకుండానే ఇంటికి తెస్తున్నావట, అదేం పని? వాడెవడో అన్నాడని నువ్వు కడుపు మాడ్చుకుంటావా? ఇన్నాళ్లు నాకొక్క ఫోన్ చేయవైతివి.

శనివారం ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి ఇటే రా, నీ ఫోన్, నోట్‌బుక్ తెచ్చుకో. ఫిర్యాదు నా ముందర కూర్చుని రాయి. మీ నాయనకు నేను చెప్పుకుంటా.

మీ మేనత్త