అమెరికాలో అమ్మాయిల బోర్డింగ్ స్కూలు: తొమ్మిదో తరగతి సీటు, ఆ తర్వాతి చదువు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: న్యూజెర్సీలో ఉంటున్నాం, అమ్మాయి ఏడో తరగతి పూర్తి చేస్తోంది, తొమ్మిదికి మసాచుసెట్స్, కనెక్టికట్ వైపు అమ్మాయిలకు మాత్రమే ఉండే ప్రైవేటు స్కూల్లో, డే స్టూడెంట్‌గా (రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చేలా) గానీ హాస్టల్లో గానీ వేద్దామనుకుంటున్నాం, సీటు రావాలంటే ఏం చేయాలి, ఆ చదువు మంచి కాలేజీకి పనికొస్తుందా, ఊళ్లో మంచి పబ్లిక్ స్కూలు ఉచితంగా ఉండగా ఇంత డబ్బు పోయడం అవసరమా అని.

మా అమ్మాయి బోస్టన్ దగ్గర అలాంటి స్కూల్లోనే తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివింది. మొదట డే స్టూడెంట్, తర్వాత బోర్డర్. ఇప్పుడు కాలేజీలో ఉంది. పిల్ల ప్రైవసీ కోసం స్కూలు పేరు చెప్పను, మిగతాదంతా చెప్తాను.

మనవాళ్లు చాలామంది అడ్మిషన్ అంటే ఒక పరీక్ష, అది దాటాక చదువు వేరే సంగతి అనుకుంటారు. ఈ స్కూళ్లలో రెండూ ఒకటే. పిల్ల తన బుర్రలో ఉన్నది నలుగురి ముందు నోరు తెరిచి చెప్పగలదా, ఎదుటివాళ్లు కాదంటే విని ఆలోచించగలదా, అడ్మిషన్‌లో చూసేది అది. తర్వాత నాలుగేళ్లు క్లాసులో చేయించేదీ అదే. అందుకే ర్యాంకు కోసం తయారు చేసినట్టు తయారు చేస్తే సీటు వచ్చినా పిల్ల అక్కడ ఇబ్బంది పడుతుంది.

పరీక్ష సంగతి ముందు చెప్పేస్తాను, అందరికీ టెన్షన్ దాని గురించే కాబట్టి. ఎనిమిదిలో ఉండి తొమ్మిదికి అప్లై చేసేవాళ్లు రాసేది ఎస్‌ఎస్‌ఏటీ అనే ప్రైవేటు స్కూళ్ల ప్రవేశ పరీక్ష, అందులో అప్పర్ లెవెల్. మ్యాథ్స్, వెర్బల్, రీడింగ్, ఒక్కోదానికి 500 నుంచి 800, మొత్తం 2400కి. వెర్బల్‌లో 60 ప్రశ్నలు, సగం సమానార్థ పదాలు, సగం అనాలజీలు, అంటే పదాల మధ్య సంబంధం పోల్చేవి. మన పిల్లలకు మ్యాథ్స్ ట్యూషన్లు చిన్నప్పటి నుంచీ ఉంటాయి కాబట్టి అక్కడ ఫర్వాలేదు, తడబడేది ఈ వెర్బల్‌లోనే, దానికి విడిగా పుస్తకాలు చదివే అలవాటు తప్ప దగ్గరి దారి లేదు. ఇంకోటి, ఎంసెట్‌లో లాగా తెలియనివన్నీ ఏదో ఒకటి పెట్టేసి రావడం ఇక్కడ కుదరదు, తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. ఒక వ్యాసం కూడా రాయిస్తారు, దానికి మార్కులుండవు కానీ అది ఉన్నదున్నట్టు స్కూళ్లకు వెళ్తుంది. అప్లికేషన్లో మీరు కూర్చుని దిద్దిన వ్యాసం పక్కన అది పెట్టి చదువుతారు, కాబట్టి ఆ దిద్దడమేదో తగ్గించుకోండి. పర్సంటైల్ చూసి కంగారు పడొద్దు. ఆ పోలిక గత మూడేళ్లలో అదే తరగతిలో ఆ పరీక్ష రాసినవాళ్లతోనే, అంటే ఎక్కువమంది ఇలాంటి స్కూళ్ల కోసమే తయారైన పిల్లలు. బడిలో ఎప్పుడూ 99 చూసే పిల్లకి 70 రావడం మామూలే. ఐఎస్‌ఈఈ అని ఇంకో పరీక్ష ఉంది, అందులో నెగటివ్ మార్కులు లేవు, చాలా స్కూళ్లు ఏదైనా తీసుకుంటాయి. కొన్నిచోట్ల ఇప్పుడు టెస్ట్ మార్కులు పంపడం మన ఇష్టానికే వదిలేశారు.

దానికన్నా బరువైనది ఇంటర్వ్యూ. పిల్లను ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్లి అరగంట, ముప్పావు గంట మాట్లాడతారు, తర్వాత మనతో విడిగా. మా అమ్మాయిని మ్యాథ్ కాంపిటిషన్లు, కూచిపూడి, పియానో, అన్నీ చెప్పమని ఎవరెవరో సలహా ఇచ్చారు. ఇంటర్వ్యూ చేసిన అడ్మిషన్ ఆఫీసరు వాటి జోలికే పోలేదట. ఈమధ్య ఎవరికైనా ఏదైనా నేర్పావా అని అడిగిందట. ఆ వేసవి తెనాలి నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు, ఇంట్లో అందరం పనులకు పోతే ఆవిడకు పగలంతా ఏమీ తోచదు. పిల్ల వాళ్ల నాయనమ్మకు సిటీ బస్సు ఎక్కి లైబ్రరీకి వెళ్లి రావడం నేర్పింది. స్టాపుల పేర్లు అట్టముక్క మీద వచ్చీరాని తెలుగులో రాసి, ఒక్కో స్టాపు పక్కన కిటికీలోంచి కనిపించే గుర్తు రాసింది, గ్యాస్ బంకు, ఎర్ర చర్చి, ఇలా. మొదటిసారి రాసినప్పుడు వెళ్లేటప్పటి గుర్తులే రాసింది, తిరిగొచ్చేటప్పుడు అవి అవతలి వైపు ఉంటాయి కదా, ఆవిడ దిగాల్సిన చోట దిగలేదు. రెండో వైపుకు ఇంకో అట్ట రాసింది. ఇదంతా చెప్పిందట, ఎక్కడ తేడా కొట్టిందో అదీ చెప్పిందట. సీటు వచ్చినప్పుడు ఉత్తరం అడుగున ఆ అడ్మిషన్ ఆఫీసర్ చేత్తో రెండు లైన్లు రాసి పంపింది, ఆ అట్టముక్కల గురించే. కాబట్టి ఇంటర్వ్యూకి జవాబులు బట్టీ పట్టించకండి. పిల్ల తనంతట తాను చేసిన పని ఏదైనా ఒకటి ఉంటే చాలు, లేకపోతే ఈ ఏడాదిలో అలాంటిదానికి ఖాళీ సమయం ఇవ్వండి.

తల్లిదండ్రులు కూడా ఒక వ్యాసం రాయాలి. గొప్పలు మాత్రమే రాస్తే వాళ్లకు పిల్ల గురించి ఏమీ తెలియదు. గ్రూపుగా పని చేయమంటే అందరిదీ తనే చేసేస్తుంది, తర్వాత అలుగుతుంది అని మేం రాశాం. ఇప్పుడున్న స్కూల్లో ఇంగ్లిష్ టీచరు, మ్యాథ్ టీచరు, కౌన్సిలరు రికమెండేషన్లు పంపాలి, అవి మనకు చూపించరు. పబ్లిక్ స్కూలు టీచర్లకు ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవి రాసే అలవాటు పెద్దగా ఉండదు, అక్టోబరులోనే మర్యాదగా అడిగి పెట్టుకోండి. న్యూ ఇంగ్లండ్ వైపు ఎక్కువ స్కూళ్లకు అప్లికేషన్ గడువు జనవరి మధ్య నుంచి నెలాఖరు లోపు, ఫలితాలు మార్చి 10న, మనం ఏ స్కూలో తేల్చి చెప్పాల్సింది ఏప్రిల్ 10కి.

ఇక చదువు. ఈ స్కూళ్లు మొదటి నుంచీ అమ్మాయిలకు అసలైన చదువు కోసం పెట్టినవి. ఎమ్మా విల్లార్డ్ స్కూలు మూలాలు 1814లో ఉన్నాయి, ఆడవాళ్లను కాలేజీలు చేర్చుకోని కాలంలో అక్కడ అమ్మాయిలకు లెక్కలు, సైన్సు చెప్పారు. మిస్ పోర్టర్స్ 1843 నాటిది. వెల్స్‌లీలో ఉన్న డానా హాల్ 1881లో మొదలైంది, పక్కనే ఉన్న వెల్స్‌లీ కాలేజీకి అమ్మాయిలను తయారు చేయడానికి. పాత పేరుంది కదా అని మాత్రం ఏ స్కూలూ ఎంచుకోవద్దు, ఇప్పుడు క్లాసులో ఏం జరుగుతోందో కూర్చుని చూడండి.

క్లాసు ఎలా ఉంటుందంటే, పన్నెండు పద్నాలుగు మంది, ఒక పెద్ద టేబుల్ చుట్టూ. ఇది 1930లలో ఫిలిప్స్ ఎక్సెటర్ అనే బోర్డింగ్ స్కూల్లో మొదలైన హార్క్‌నెస్ పద్ధతి, ఇప్పుడు చాలాచోట్ల ఏదో ఒక రూపంలో ఉంది. టీచరు కూడా పిల్లల మధ్యే కూర్చుంటుంది, మాట్లాడేది తక్కువ. చదివి రాకపోతే దాక్కోవడానికి వెనక బెంచీ లేదు. మా అమ్మాయికి మొదటి టర్మ్ చాలా కష్టమైంది. మార్కులు బాగానే ఉన్నాయి, కానీ రిపోర్టులో మార్కుతో పాటు ప్రతి టీచరూ ఒక పేరా రాస్తారు, హిస్టరీ టీచరు రాసింది నాకిప్పటికీ గుర్తుంది: తను పూర్తిగా ఖాయం అనుకున్నాకే నోరు తెరుస్తుంది, ఖాయం కాకముందే మాట్లాడడం నేర్చుకోవాలి అని. మన ఇళ్లలో ఆడపిల్లకు ఈ మాట ఎవరు చెప్తారు? తెలిస్తేనే మాట్లాడు అని పెంచుతాం. పదో తరగతి చివరికి ఆ పిల్ల డిన్నర్ దగ్గర వాళ్ల నాన్నతో, నేనింకా ఆలోచిస్తున్నాను గానీ మీరు చెప్పేది సరికాదనిపిస్తోంది అనడం మొదలుపెట్టింది. ఫీజు దేనికి కట్టామో నాకు ఆరోజు అర్థమైంది.

మ్యాథ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, తెలుగు కుటుంబాలన్నిటికీ గొడవ వచ్చేది అక్కడే. మీ అమ్మాయి బయట క్లాసుల్లో ఆల్జీబ్రా 2 దాకా లాగించేసి ఉండొచ్చు. స్కూలు దాన్ని లెక్కలోకి తీసుకోదు, సీటు ఒప్పుకున్నాక ఏ స్థాయి క్లాసులో వేయాలో చూడడానికి ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడుతుంది. మా అమ్మాయిని జామెట్రీ ఆనర్స్‌లో వేశారు. అప్పటికే చదివేసింది కదా అని వెళ్లి డిపార్ట్‌మెంట్ హెడ్‌ని కలిశాం. ఆవిడ పేపరు తీసి ముందు పెట్టింది. జవాబులు దాదాపు అన్నీ కరెక్టే. ఒక ప్రూఫ్ మాత్రం చూపించి, ఈ రెండో లైను నుంచి మూడో లైనుకు ఎలా వచ్చిందో మీరు చెప్పగలరా అంది. అక్కడ ఏమీ రాసి లేదు, ఫార్ములా దూకించి జవాబు తెచ్చేసింది. మా ఆయన ఇంజనీరు, ఆయనా ఒప్పుకున్నాడు. అదే క్లాసులో ఉంచాం. పన్నెండులో కాలిక్యులస్ బీసీ, అంటే కాలేజీ స్థాయి కాలిక్యులస్, చేసింది, అదేమీ ఆగిపోలేదు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సులు ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టి స్కూలు తేల్చకండి. 2018లో వాషింగ్టన్ చుట్టుపక్కల ఎనిమిది ప్రైవేటు స్కూళ్లు కలిసి ఏపీ కోర్సులు ఆపేస్తున్నామని ప్రకటించాయి, అందులో హోల్టన్-ఆర్మ్స్, నేషనల్ కెథీడ్రల్ లాంటి అమ్మాయిల స్కూళ్లూ ఉన్నాయి. ఏపీ లేనిచోట సొంత అడ్వాన్స్‌డ్ కోర్సులుంటాయి. స్కూల్లో ఏం దొరుకుతుందో చెప్పే ప్రొఫైల్ కాలేజీలకు ట్రాన్‌స్క్రిప్ట్‌తో (మార్కుల పత్రంతో) పాటే వెళ్తుంది, పిల్లను అందులో దొరికేవాటితోనే పోల్చి చూస్తారు. మీరు అడగాల్సినది, ఒక్కో కాలేజ్ కౌన్సిలర్‌కి ఎంతమంది పిల్లలు అని. పెద్ద పబ్లిక్ స్కూల్లో ఒక కౌన్సిలర్‌కి వందల మంది ఉంటారు. ఇక్కడ కౌన్సిలర్ మా అమ్మాయి ఏ వ్యాసం ఎందుకు చింపేసిందో కూడా చెప్పగలిగేది. అలాగని హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో సీటుకి గ్యారంటీ ఎవరూ ఇవ్వరు, ఇస్తామన్నట్టు మాట్లాడే స్కూలుంటే ఆలోచించుకోండి.

అమ్మాయిల స్కూలు కావడం వల్ల తేడా ఉందా అంటే, 2009లో యూసీఎల్ఏ యూనివర్సిటీ నుంచి లిండా శాక్స్ చేసిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. మ్యాథ్స్, కంప్యూటర్ల మీద ధైర్యం విషయంలో అమ్మాయిల స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు కొంచెం ముందున్నారని తేలింది, తేడా మాత్రం చిన్నదే, పైగా ఆ అధ్యయనం అమ్మాయిల స్కూళ్ల సంఘం చేయించింది. నేను కళ్లారా చూసింది చెప్తాను. రోబోటిక్స్ టీములో డ్రిల్ పట్టుకున్నదీ అమ్మాయే, కోడ్ రాసిందీ అమ్మాయే, కెప్టెనూ అమ్మాయే, మూల కూర్చుని పోస్టరు తయారు చేసే పని ఎవరికీ శాశ్వతంగా అంటలేదు.

హాస్టల్ అనగానే మనకు ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ గుర్తొస్తుంది, తెల్లారుజామున లేపడం, రాత్రి పది దాకా స్టడీ అవర్స్. ఇది అలా ఉండదు. రాత్రి రెండు గంటలు స్టడీ హాల్ ఉంటుంది, మిగతాది ఆటలు, ఆర్ట్, మీటింగులు, ఆటలు దాదాపు అన్నిచోట్లా తప్పనిసరే. టీచర్లే కుటుంబాలతో డార్మ్‌లో ఉంటారు. వెజిటేరియన్ తిండి దొరుకుతుంది కానీ రోజూ పాస్తా, సలాడ్ అయ్యేసరికి పిల్లకు విసుగొస్తుంది. మా దగ్గర రూముల్లో రైస్ కుక్కర్ పెట్టనివ్వరు, కామన్ కిచెన్‌లో వండుకోవచ్చు. కందిపొడి, ఆవకాయ పంపేదాన్ని, ఆదివారం సాయంత్రం ఆ సీసా చుట్టూ కొరియా పిల్లలు, నైజీరియా పిల్ల అందరూ చేరేవాళ్లట. థాంక్స్‌గివింగ్‌కి, డిసెంబరులో, మార్చిలో డార్మ్‌లు మూసేస్తారు, న్యూజెర్సీ నుంచి రాకపోకలు ముందే లెక్కలోకి తీసుకోండి. పిల్లకి ఇష్టం లేకుండా మాత్రం హాస్టల్లో వేయకండి. మా అమ్మాయి తనే అడిగింది కాబట్టి నిలబడింది.

డబ్బు విషయానికొస్తే, చాలాచోట్ల బోర్డింగ్ ఏడాదికి 70 వేల డాలర్లు దాటిపోయింది, డే అయితే 50 వేల చుట్టూ, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. నాలుగేళ్లకు గుణించుకుని చూడండి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఉంటుంది, దానికి అప్లికేషన్‌తో పాటే విడిగా ఫారాలు నింపాలి, సీటు వచ్చాక అడుగుదాంలే అంటే అప్పటికి ఆ ఏటి డబ్బు పంచేసి ఉంటారు. వీసా మీద ఉన్న కుటుంబాలకు ఇస్తారా అన్నది స్కూలుకో రకం, అప్లై చేసే ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. హైదరాబాద్, విజయవాడ నుంచి చదివేవాళ్లకు ఒక మాట: ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద పబ్లిక్ హైస్కూల్లో పన్నెండు నెలలకు మించి చదవనివ్వరు, దానికీ పూర్తి ఖర్చు కట్టాలి, ప్రైవేటు స్కూలుకు ఆ పరిమితి లేదు. మీ అమ్మాయి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటే ఈ గొడవ లేదు.

పబ్లిక్ స్కూలు వదలాలా అన్నదానికి నా జవాబు సూటిగా: మీ అమ్మాయి ఇప్పుడున్న చోట క్లాసులో చేయి ఎత్తుతోంది, టీచర్లకు తెలుసు, మీ కౌంటీ మ్యాగ్నెట్ స్కూలు (ప్రత్యేక కోర్సుల పబ్లిక్ స్కూలు) అందుబాటులో ఉంది అంటే అక్కడే ఉంచండి, ఆ డబ్బు కాలేజీకి దాచండి. అప్పు చేసి ఇక్కడ చేర్చాల్సిన అవసరం ఎవరికీ లేదు. మార్కులన్నీ వస్తున్నా ఏడాదంతా ఆ పిల్ల గొంతు ఏ టీచరూ వినలేదు అంటే అప్పుడు ఈ ఖర్చు గురించి ఆలోచించండి. మా పరిస్థితి రెండోది.

మీకింకా సమయం ఉంది. ఈ వేసవికి మూడు నాలుగు స్కూళ్ల కోర్సు క్యాటలాగులు తెరిచి పిల్లతోనే చదివించండి, ఏది నచ్చిందో తనే చెప్తుంది. సెప్టెంబరులో విజిట్లు బుక్ చేయండి, ఓపెన్ హౌస్ రోజు కాకుండా మామూలు పనిదినాన. క్లాసులో కూర్చోవడానికి పిల్లను ఒక్కదాన్నే పంపి మీరు బయట ఉండండి, టూర్ తిప్పే అమ్మాయిని అడ్మిషన్ వాళ్లు పక్కన లేనప్పుడు ఇక్కడ నీకేం నచ్చదు అని అడగండి. మ్యాథ్ ప్లేస్‌మెంట్‌కి ఏం చదవాలో, ఎయిడ్ ఫారాల్లో ఏమేం కాగితాలు అడుగుతారో కావాలంటే కామెంట్లో అడగండి, విడిగా రాస్తాను.