‘స్వతంత్ర’ చమురు సంస్థలు అనవచ్చా?

సందేహం: “జాతీయం చేసిన చమురు రంగాన్ని మెక్సికో మళ్లీ తెరిచాక స్వతంత్ర చమురు సంస్థలకు అవకాశాలు పెరిగాయి” అని ఒక వ్యాసంలో చదివాను. ప్రభుత్వానివి కానివన్నీ స్వతంత్ర సంస్థలేనా? ఈ మాట ఇక్కడ కుదురుతుందా?

సమాధానం: ప్రభుత్వానివి కానివన్నీ కావు. చమురు వెతికి, బావి తవ్వి, పైకి తీసి అమ్మేయడంతో పని ముగించే ప్రైవేటు సంస్థను ఆ వ్యాపారంలో ‘ఇండిపెండెంట్’ అంటారు. శుద్ధి కర్మాగారాలూ పెట్రోలు బంకులూ నడిపే షెల్ లాంటివి ప్రైవేటువే అయినా ఆ లెక్కలోకి రావు. అనువాదకులు నిఘంటువులో మొదట కనబడ్డ అర్థాన్ని దించేసి చేతులు దులుపుకుంటే ఎలా? ‘స్వతంత్ర అభ్యర్థి’కి అలవాటుపడ్డ చదువరి తికమకపడడా!

అయితే ‘స్వతంత్ర’ అంత తేలిగ్గా వదిలేసే మాట కాదు. “స్వతంత్రః కర్తా” (పనిలో స్వతంత్రుడైనవాడే కర్త) అన్నాడు సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని. ఆ వ్యాకరణానికి భాష్యం రాసిన పతంజలి అక్కడ ఆగి అడుగుతాడు: తంత్రమంటే మగ్గం మీది పడుగు కదా, సొంత తంత్రం ఉన్నవాడే స్వతంత్రుడంటే నేతగాడే కర్త అవుతాడేమో? కాదు, తంత్రానికి ప్రాధాన్యమనే అర్థమూ ఉంది, ఇక్కడ పట్టుకోవలసింది అదే అని మళ్లీ తనే తేలుస్తాడు. ఎన్నిసార్లు చదివినా ఈ చోట నా మనసు ఆగిపోతుంది. సొంత పడుగు ఉంటే చాలదు, పనిలో తానే ప్రధానం కావాలి.

ఈ గీటురాయి మీద మెక్సికోనే గీసి చూడండి. 1938లో అధ్యక్షుడు కార్దెనాస్ జాతీయం చేసిన రంగాన్ని 2013 రాజ్యాంగ సవరణ తెరిచింది. 2015 జూలైలో జరిగిన తొలి వేలంలో 14 బ్లాకుల్లో (చమురు వెతకడానికి విడగొట్టిన ప్రాంతాల్లో) 2 మాత్రమే ఖరారయ్యాయి. ఆ రెండూ టాలోస్, సియెర్రా, ప్రీమియర్ అనే ఇండిపెండెంట్ల కూటమికే దక్కాయి. 2017లో టాలోస్ నడిపిన తవ్వకంలో టబాస్కో తీరానికి ఎదురుగా సముద్రంలో ‘జామా’ నిక్షేపం బయటపడింది. అది పక్కనున్న ప్రభుత్వ సంస్థ పెమెక్స్ బ్లాకులోకీ పాకింది. 2021లో అక్కడి ఇంధన శాఖ నిర్వహణను పెమెక్స్ చేతిలో పెట్టింది. కనిపెట్టినవాళ్లకు వాటా మిగిలింది, కర్తృత్వం పోయింది. వ్యాపారులకు వాళ్లు అప్పుడూ ఇండిపెండెంట్లే. పాణిని లెక్కలో మాత్రం అక్కడ స్వతంత్రులు కాకుండా పోయారు.

తెలుగులో ‘స్వతంత్రించి’ అంటే చొరవచేసి అని. ఆ అర్థంలోనైతే, ఎక్కువ బ్లాకులు మిగిలిపోయిన వేలంలో స్వతంత్రించి దిగినవాళ్లకు ఈ మాట చక్కగా అతుకుతుంది.

 

‘స్వతంత్ర’ తప్పని కొట్టేయను. మొదటిసారి వాడినచోట ఒక్క వాక్యంలో వివరిస్తే సరిపోతుంది. నేనైతే ‘వెలికితీత సంస్థలు’ అని రాస్తాను. కానీ పత్రికల్లో ‘స్వతంత్ర’ ఇప్పటికే పాతుకుపోయి ఉంటే దాన్ని పీకడం కష్టమేనేమో.