సాలెపురుగు పురుగే, కీటకం మాత్రం కాదు

సందేహం: సాలెపురుగు, తేలు కీటకాలు కావని మా అబ్బాయికి బడిలో చెప్పారట. అలాగైతే ‘సాలెపురుగు’ అన్న మాటే తప్పా? పురుగు, కీటకం, క్రిమి ఒకటి కావా? అకశేరుకం అంటే ఎముకలు లేనిదనేనా? జెల్లీ చేప, నక్షత్ర చేప అని రాయవచ్చా?

సమాధానం: బడిలో చెప్పింది నిజం. సాలెపురుగు అన్న మాటా తప్పు కాదు. పురుగు జనం మాట. దానికి కాళ్ళ లెక్క లేదు. నులిపురుగుకి కాళ్ళే ఉండవు, పేడపురుగుకి ఆరు, ఎదిగిన ఆరుద్ర పురుగుకి ఎనిమిది. చిన్నదై ఉండి, పాకినా ఎగిరినా దాన్ని పురుగు అనేశారు మనవాళ్ళు. అందులో పేచీ పెట్టుకోవలసిందేమీ లేదు.

కీటకం అలా కాదు. ఇవాళ జీవశాస్త్రంలో దానికి గట్టి హద్దులున్నాయి. తల, వక్షం, ఉదరం అని ఒళ్ళు మూడు భాగాలుగా ఉండాలి, ఆరు కాళ్ళుండాలి, తలమీద ఒక జత మీసాలుండాలి. (పాఠ్యపుస్తకాలు వీటిని స్పర్శశృంగాలు అంటాయి. బొద్దింక మీసాలు అంటే ఎవరికైనా తెలుస్తుంది కదా, నా ఓటు మీసాలకే.) సాలెపురుగుకి తల, వక్షం కలిసిపోయి ఒళ్ళు రెండే భాగాలు. కాళ్ళు ఎనిమిది, మీసాలు అసలే లేవు. తేలుకీ ఎనిమిది కాళ్ళే. ముందుండే పటకారులాంటివి కాళ్ళ లెక్కలోకి రావు. పరీక్షలో ఇబ్బంది లేకుండా ‘సాలీడు’ అని రాయించండి. సాలె అంటే నేతపనివాడు, సాలీడన్నా అతనే. పురుగు ఊసు లేకుండానే పేరు సరిపోతుంది.

అయితే ఈ హద్దులు కీటకం అన్న మాటతో పుట్టినవి కావు. పాతకాలపు సంస్కృత వైద్యగ్రంథం సుశ్రుత సంహితలో కీటకల్పం అనే అధ్యాయం ఉంది. అందులో తేలు విషం, సాలెపురుగు విషం కూడా చెప్పారు. అంటే అప్పటి కీటం మన పురుగంత విశాలమైనదే. ఐరోపాలోనూ ఇదే కథ. 1758లో జీవుల్ని వర్గాలుగా విడదీసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ వెన్నెముక లేని జంతువులన్నిటినీ రెండే గంపల్లో పోశాడు. కీటకాల గంపలో సాలెపురుగు, తేలు, పీత పడ్డాయి. రెండోదాని పేరుకి లాటిన్‌లో అర్థం ‘పురుగులు’. వానపాము, నత్త, జెల్లీ ఫిష్, సముద్ర నక్షత్రం అన్నీ అందులోవే! 1801లో ఫ్రెంచి జీవశాస్త్రవేత్త లామార్క్ సాలెపురుగుల్ని కీటకాల నుంచి విడదీసి వేరే తరగతి కట్టాడు. మీ అబ్బాయికి టీచర్ చెప్పిన తేడా అక్కడిది.

సంస్కృతంలో తుమ్మెదకి షట్పదం అని పేరు. ఆరు కాళ్ళు కలది అని అర్థం. ఆ మాటకొస్తే ఈగ, చీమ, మిడుత అన్నీ షట్పదాలే. కానీ బురదలో పుట్టినది అని అర్థమున్న పంకజం తామరకే స్థిరపడ్డట్టు ఇది తుమ్మెదకి స్థిరపడింది. దీన్నే యోగరూఢం అంటారు. పేరు పెట్టినవాడు కాళ్ళు లెక్కపెట్టాడు చూశారా, నాకు ముచ్చటేస్తుంది.

క్రిమి సంగతి కాస్త గజిబిజి. కృమి నుంచి వచ్చిన ఈ మాట మొదట పురుగే. ఇప్పుడు మాత్రం క్రిమిసంహారక మందు చంపేది పంట మీది కీటకాల్ని, సూక్ష్మక్రిమి అంటే బాక్టీరియా లాంటివి. బాక్టీరియా జంతువే కాదు. అందుకని సైన్సు రాసేటప్పుడు ఒంటరిగా ‘క్రిమి’ వాడకపోవడం మేలు.

ఇక అకశేరుకం. కశేరుక అంటే వెన్నెముక, అది లేనిది అకశేరుకం. ఎముకలు లేనిది అని మాత్రం చెప్పకండి. సొరచేప ఒంట్లో ఎముక ఉండదు, అంతా ఎముకకన్నా మెత్తగా, వంగేలా ఉండే మృదులాస్థే. అయినా వెన్ను ఉంది కాబట్టి అది సకశేరుకమే. ఇటు రొయ్య, పీత, కీటకాల పైపెంకుకి శాస్త్రగ్రంథాలు పెట్టిన పేరు ‘బాహ్య అస్థిపంజరం’. అస్థి అంటే ఎముక. అందులో ఎముక రవ్వంత లేదు, ఉన్నది కైటిన్ అనే పదార్థం! జనం పెట్టిన పేర్లని తప్పుపట్టే ముందు పండితులు పెట్టినవీ చూడాలి. ఆ పెంకు ఒంటితోపాటు పెరగదు కనక అప్పుడప్పుడు విడిచేస్తాయి. దానికి నిర్మోచనం అన్న బరువు మాట ఎందుకు, పాముకి వాడే కుబుసం ఉండగా?

ఈ అకశేరుకాలు ఏదో మూలనున్న చిన్న గుంపు అనుకోకండి. ఇంతవరకూ గుర్తించిన కీటక జాతులే 10 లక్షల దాకా ఉన్నాయి. ఇక స్పంజికలు, జలగలు, నత్తలు, ఆల్చిప్పలు సరేసరి. ఒక్క ‘లేదు’ అన్న గుణం మీద ఇన్నిటినీ కలిపి కట్టిన పేరిది. అందుకే వాటి ఒంటి తీరుల్లో పోలిక వెతికితే దొరకదు.

చివరిగా చేపలు. వానపాము పాము కాదు, సీతాకోకచిలుక చిలుక కాదు. అవి మన భాషలో పుట్టి నలిగిన పేర్లు, ఎవరూ పొరబడరు. జెల్లీ చేప, నక్షత్ర చేప అలాంటివి కావు. ఇంగ్లీషువాళ్ళ పొరపాటుని మనం కష్టపడి తెలుగు చేసుకున్నాం. జెల్లీ ఫిష్‌కి మెదడు లేదు, వెన్ను లేదు, మొప్పలు లేవు. తినడానికీ విసర్జించడానికీ ఒకటే రంధ్రం. దాన్ని జెల్లీ ఫిష్ అనే ఉంచితే అదొక పేరుగా చెల్లిపోతుంది. సగం అనువదించి చేప అంటేనే చిక్కు. రెండోదానికి సముద్ర నక్షత్రం అన్న చక్కని మాట ఉండనే ఉంది, అదే రాయండి. రొయ్యకీ పీతకీ నత్తకీ మాత్రం మనవాళ్ళు చేప అన్న తోక ఎప్పుడూ తగిలించలేదు.